తోడికోడళ్ళు, పదిహేను నెలల గడువు

సిడ్నీకి పడమటి వైపున వెస్ట్‌మీడ్ అనే పేట ఉంది. ఒక పక్క పెద్దాసుపత్రులు, ఇంకో పక్క వెంట్‌వర్త్‌విల్, నాలుగడుగులు వేస్తే ప్యారమట్టా. తెలుగు మాట చెవిన పడకుండా అక్కడ రోజు గడవదు. ఆ పేటలో ఒకే వీధిలో, ఎదురెదురు అద్దె ఇళ్ళలో, ఇద్దరు తోడికోడళ్ళు కాపురం ఉండేవారు. పెద్ద కోడలు ఆసుపత్రిలో నర్సు. చిన్న కోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భర్తలు సొంత అన్నదమ్ములు. అత్తగారు మాత్రం విజయవాడ సింగ్‌నగర్‌లో, భర్త కట్టించిన ఇంటిని విడిచి రానని అక్కడే ఉండిపోయింది.

తోడికోడళ్ళిద్దరూ సొంత అక్కచెల్లెళ్ళకంటే ఎక్కువగా కలిసిపోయారు. ఒకరింట్లో పులుసు కాగితే ఇంకొకరింటికి గిన్నె వెళ్ళాల్సిందే. అందుకే ఇల్లు కొనాలన్న ఆలోచన కూడా ఇద్దరికీ కలిసే వచ్చింది. ప్యారమట్టాలో ఇంకా పునాది కూడా పడని ఒక భవనంలో, ఒకే అంతస్తులో, పక్కపక్కన రెండు ఫ్లాట్లు ఎంచుకున్నారు. ఒక్కొక్కటి 11 లక్షల డాలర్లు. 2023 ఆగస్టు 19న కాంట్రాక్టుల మీద సంతకాలు పెట్టి, పదో వంతు బయానా కట్టారు.

కట్టకముందే ప్లాను చూసి కొనే ఇంటిని అక్కడ ఆఫ్ ది ప్లాన్ అంటారు. ఇల్లు కంటికి కనబడకపోయినా కొనుగోలు పన్ను కనబడుతూనే ఉంటుంది. ఆ రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో దాన్ని ట్రాన్స్‌ఫర్ డ్యూటీ అంటారు. జనం పాత అలవాటు కొద్దీ స్టాంప్ డ్యూటీ అనే అంటారు. 11 లక్షల ఇంటికి అది సుమారు 44 వేల డాలర్లు. మొదటి ఇల్లు కొనేవాళ్ళకు అక్కడ రాయితీ ఉంది. 8 లక్షల దాకా డ్యూటీ పూర్తిగా మాఫీ, 8 నుంచి 10 లక్షల మధ్య కొంత తగ్గింపు. వీళ్ళ ఇళ్ళ ధర 10 లక్షలు దాటింది కాబట్టి ఆ మేలు వీళ్ళకు లేదు. మామూలు లెక్కన కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన మూడు నెలల్లోగా డ్యూటీ కట్టేయాలి.

అది ముందే తెలుసు గనుక రెండిళ్ళ వాళ్ళూ ఏళ్ళ తరబడి కూడబెట్టి 44 వేలు సిద్ధంగా ఉంచుకున్నారు. కట్టడానికి డబ్బు లేక కాదు వాళ్ళు గడువు అడిగింది. గడువు దొరుకుతుందని తెలిసి అడిగారు.

కాంట్రాక్టు పనులు చూసే కన్వేయన్సర్ ఇద్దరినీ కూర్చోబెట్టి విషయం చెప్పింది. "మీరు ఉండటానికే కొంటున్నారు కాబట్టి డ్యూటీని వెనక్కి జరుపుకోవచ్చు. మూడు సంగతుల్లో ఏది ముందు జరిగితే అక్కడి నుంచి మూడు నెలల్లో కట్టాలి. ఒకటి, ఇల్లు పూర్తయి మీ పేరు మీదికి రావడం. రెండు, ఈ కాంట్రాక్టును మీరు ఇంకొకరికి బదలాయించడం. మూడు, సంతకం పెట్టిన రోజు నుంచి పన్నెండు నెలలు నిండటం."

పెద్ద కోడలి భర్తకు ఒక సందేహం వచ్చింది. "మొదటి రెండేళ్ళు అద్దెకిచ్చి తర్వాత మేము చేరితే?"

"అలాగైతే ఈ గడువు మీది కాదు. 2017లోనే అద్దెల కోసం కొనేవాళ్ళను ఇందులోంచి తీసేశారు. మీరే చేరతామని డిక్లరేషన్ ఇస్తున్నారు. అది నిజమైతేనే సంతకం పెట్టండి."

నిజమే గనుక ఇద్దరూ పెట్టారు.

ఆ సాయంత్రం పెద్ద కోడలు బ్యాంకు యాప్‌లో కొత్తగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచింది. 44 వేలు అందులోకి మార్చింది. ఖాతాకు మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు కదా, దానికి "ఇది మాది కాదు" అని పెట్టింది. వంటింటి క్యాలెండర్‌లో రెండు తేదీలు చుట్టింది. 2024 ఆగస్టు 19న ఏడాది నిండుతుంది. 2024 నవంబరు 19కి డబ్బు కట్టేసి ఉండాలి.

చిన్న కోడలు ఆ రాత్రి మెల్‌బోర్న్‌లో ఉన్న తన అన్నయ్యకు ఫోన్ చేసింది. ఆయన టార్నీట్‌లో ఆఫ్ ది ప్లాన్ టౌన్‌హౌస్ కొన్న మనిషి, అనుభవం ఉన్నవాడు.

"డ్యూటీ గురించి కంగారేం లేదమ్మా," అన్నాడాయన. "తాళాలు చేతికొచ్చేదాకా పైసా కట్టక్కర్లేదు. పైగా ఇంకా కట్టని భాగానికి డ్యూటీ తగ్గిస్తారు కూడా."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన ఉండే విక్టోరియా రాష్ట్రంలో అదే పద్ధతి. డ్యూటీ సెటిల్‌మెంట్‌తో, అంటే మిగతా ధర చెల్లించి ఇల్లు చేతికి తీసుకోవడంతో, ముడిపడి ఉంటుంది. అర్హత ఉన్నవాళ్ళకు, కాంట్రాక్టు తర్వాత జరిగే నిర్మాణం ఖర్చును ధరలోంచి తీసేసి, మిగిలిన దాని మీద లెక్క కడతారు. అయితే ఆస్ట్రేలియాలో ఈ పన్ను దేశానిది కాదు, రాష్ట్రాలది. సరిహద్దు దాటితే రూలు మారిపోతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో నిర్మాణం ఖర్చును తీసేయరు, కాంట్రాక్టులో రాసుకున్న మొత్తం ధర మీద డ్యూటీ పడుతుంది. ఇచ్చేది తగ్గింపు కాదు, గడువు. అదీ ఇల్లు పూర్తయ్యేదాకా కాదు, పదిహేను నెలలు దాటకుండా.

కన్వేయన్సర్ చెప్పిన మూడు సంగతుల్లో చిన్న కోడలికి మొదటిది గుర్తుండిపోయింది, ఎందుకంటే అన్నయ్య చెప్పిందీ అదే. మూడోది జారిపోయింది. ఇల్లు 2025లో గానీ రాదన్నారు గనుక డ్యూటీ కూడా 2025 మాటేనని తేల్చుకుంది.

ఆమె దుబారా మనిషి కాదు. కానీ ఖాతాలో కదలకుండా ఉన్న డబ్బు, ఇంట్లో ఎదురుచూస్తున్న అవసరాలు ఒకదాన్నొకటి చూస్తూ ఉన్నాయి. పాత కారు దారిలో రెండుసార్లు ఆగిపోయింది. పిల్లల్ని స్కూల్లో దింపాలి, ఆఫీసుకు పోవాలి. ఆ కారు ఇచ్చేసి, పైన 22 వేలు వేసి కొత్తది తీసుకుంది. నాలుగేళ్ళుగా ఇండియా వెళ్ళలేదు. సంక్రాంతికి నలుగురూ విజయవాడ వెళ్ళి వచ్చేసరికి 7 వేలు అయ్యాయి. అత్తగారు మనవళ్ళను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "డబ్బు మళ్ళీ కూడబెట్టుకోవచ్చు, ఇంకా చాలా టైముంది," అనుకుంది చిన్న కోడలు. అనుకున్నట్టు కూడబెట్టడం మాత్రం కుదరలేదు. ఒక పక్క అద్దె, ఒక పక్క పిల్లల ఖర్చులు. ఖాతాలో 15 వేలు మిగిలాయి.

2024 ఆగస్టులో కన్వేయన్సర్ నుంచి ఇద్దరికీ మెయిల్ వచ్చింది. ఏడాది నిండిందనీ, నవంబరు 19లోగా డ్యూటీ కట్టాలనీ దాని సారాంశం. పెద్ద కోడలు చదివి క్యాలెండర్ చూసుకుంది. చిన్న కోడలు పైపైన చూసి, భవనం ఇంకా నాలుగో అంతస్తులోనే ఉంది కదా, ఇదేదో మామూలుగా అందరికీ పంపే కాగితమనుకుని పక్కన పెట్టింది.

సెప్టెంబరు 1న విజయవాడ మీద ఉపద్రవం వచ్చి పడింది. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ను ముంచేసింది. అత్తగారి ఇంట్లోకి నీళ్ళు నిలువెత్తున వచ్చాయి. ఆమె పక్కింటి మేడ మీదికి చేరి, రోజుల తరబడి అక్కడే తలదాచుకుంది. మంచాలు, బీరువా, ఫ్రిజ్, వంటసామాను అన్నీ బురదపాలయ్యాయి. ఫోన్ కలిసిన రోజు ఆమె గొంతు విని సిడ్నీలో రెండిళ్ళలోనూ ఎవరూ అన్నం తినలేదు.

చిన్న కోడలు మరునాడే 12 వేల డాలర్లు పంపింది. పెద్ద కోడలు అత్యవసరాలకని విడిగా దాచుకున్న 5 వేలు పంపింది.

బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి. చిన్నదానికి ఉన్న మనసు పెద్దదానికి లేదన్నారు. పెద్ద కోడలి భర్తకు కూడా మనసు ఆగలేదు. "ఆ ఖాతాలో 44 వేలు అలా పడి ఉండగా అమ్మకు ఐదు వేలేనా?" అన్నాడు.

"ఆ డబ్బు మనదైతే మొత్తం పంపేదాన్నే," అందామె. "దానికి యజమాని వేరే ఉన్నారు, నవంబరులో వస్తారు. ఇప్పుడు మనకున్నది ఐదు వేలు, అది పంపాం. నవంబరు దాటాక నెలనెలా దాచేది అత్తయ్యకే. ఇల్లు ఆరడానికి ఎలాగూ నెలలు పడుతుంది, గచ్చు, తలుపులు అప్పుడే కదా చేయించేది."

ఆ మాట ఆమె అత్తగారికి కూడా ఫోన్ చేసి చెప్పింది. అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత అత్తగారు, "అలాగే కానివ్వమ్మా," అని మాత్రం అంది.

అక్టోబరు చివర కన్వేయన్సర్ స్వయంగా ఫోన్ చేసింది. "మీ పక్క ఫ్లాటు వాళ్ళ డ్యూటీ ఏర్పాటు అయిపోయింది. మీది ఇంకా రాలేదు."

చిన్న కోడలికి ఒక్కసారిగా కాళ్ళ కింద నేల కదిలింది. "ఇల్లు ఇంకా కట్టలేదు కదండీ?"

"ఇల్లు పూర్తవడం మూడింటిలో ఒకటి. పన్నెండు నెలలు ముందు నిండాయి, కాబట్టి అదే లెక్క."

"గడువు దాటితే?"

"వడ్డీ పడుతుంది. మార్కెట్ రేటు మీద ఇంకో 8 శాతం కలిపి వేస్తారు."

ఆమె బ్యాంకుకు పరుగెత్తింది. హోమ్ లోన్‌లోంచి ముందుగా 40 వేలు ఇవ్వమంది. బ్యాంకు అధికారి నెమ్మదిగానే చెప్పాడు. హోమ్ లోన్ ఇల్లు తాకట్టు పెట్టుకుని ఇచ్చేది. తాకట్టు పెట్టుకోవడానికి ఇల్లు ఉండాలి కదా? భవనం పూర్తయి, ఫ్లాటు విడిగా రిజిస్టరయి, సెటిల్‌మెంట్ జరిగిన రోజునే ఆ డబ్బు విడుదలవుతుంది. ఈలోగా వచ్చే డ్యూటీకి సొంత డబ్బే దిక్కు.

ఖాతాలో 3 వేలు ఉన్నాయి. 30 వేలు పర్సనల్ లోన్ తీసుకుంది. 11 వేలు స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చింది. నవంబరు 18న డ్యూటీ కట్టింది. అదే వారంలో పెద్ద కోడలు కూడా కట్టింది. ఆమె "ఇది మాది కాదు" ఖాతాలో అసలు 44 వేలూ పోగా, పదిహేను నెలల వడ్డీ రెండు వేల పైచిలుకు మిగిలింది. అది మాత్రం వాళ్ళదే. దానికి ఇంకొంత కలిపి అత్తగారి ఇంట్లో కొత్త గచ్చుకు పంపింది. నవంబరు నుంచి నెలనెలా దాచిన దాంతో తలుపులూ, కరెంటు పనీ అయ్యాయి.

భవనం 2025 నవంబరులో పూర్తయింది. సెటిల్‌మెంట్ ముందు బ్యాంకు మళ్ళీ లెక్కలు చూసింది. చిన్న కోడలి ఇంట్లో నెలనెలా పర్సనల్ లోన్ వాయిదా పోతోంది గనుక ముందు ఇస్తామన్నంత హోమ్ లోన్ ఇవ్వలేమంది. ఆమె కారు అమ్మింది. కొన్న ధర రాలేదు. పర్సనల్ లోన్ తీర్చేసింది. ఇంకా తక్కువ పడ్డ 15 వేలు పెద్ద కోడలు చేబదులిచ్చింది.

గృహప్రవేశాలకు అత్తగారు విజయవాడ నుంచి వచ్చింది. రెండు ఫ్లాట్లలోనూ ఒకే రోజు పాలు పొంగించారు. సాయంత్రం చిన్న కోడలు అత్తగారి పక్కన చేరి, మనసులో ఉన్నదంతా చెప్పుకుంది. "అంత పంపాను కదా అత్తయ్యా, నాకెందుకిలా అయింది?"

అత్తగారు ఆమె తల నిమిరింది. "నువ్వు పంపిన డబ్బు నా ప్రాణం నిలబెట్టింది తల్లీ, అది నేను మర్చిపోను. అక్క పంపింది నా ఇల్లు నిలబెట్టింది, అదీ మర్చిపోను. అయితే అక్క తన డబ్బు ఇచ్చింది. నువ్వు ఎవరికో చెల్లించాల్సిన డబ్బు ఇచ్చి, ఆ భారం మీ సంసారం నెత్తిన వేసుకున్నావు. కట్టాల్సిన డబ్బు ఇంట్లో ఉన్నంత మాత్రాన మన డబ్బయిపోదు. ఆ సంగతి నాకు చెప్పి ఉంటే అందులో సగం నేనే వద్దనేదాన్ని."

నీతి: గడువు ఇచ్చేవాడు మనకు కాలాన్ని ఇస్తాడు, డబ్బును ఇవ్వడు.

ఈ కథలో ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ కష్టపడి కూడబెట్టినవాళ్ళే. ఇద్దరికీ ఒకే గడువు, ఒకే మొత్తం. తేడా వచ్చింది ఒక్క దగ్గరే. కట్టాల్సిన డబ్బు చేతిలో ఉన్న పదిహేను నెలలూ ఒకరు దాన్ని పరాయి సొమ్ముగా చూశారు, ఇంకొకరు తమ సొమ్ముగా చూశారు. దుబారా మాత్రమే మనిషిని అప్పులపాలు చేస్తుందనుకోవడం పొరపాటు. పిల్లల అవసరం, పెద్దల ఆపద, నలుగురిలో మంచి పేరు, ఇవి కూడా అదే దారిలో నడిపిస్తాయి. పైగా వీటికి కాదని చెప్పడం చాలా కష్టం. అందుకే ఆ డబ్బును మన చేతికి అందకుండా, వేరే ఖాతాలో, వేరే పేరుతో, మొదటి రోజే పెట్టేయాలి.

ఇలాంటి గడువు ఇవ్వడంలో న్యాయం ఉంది. ఇల్లు ఇంకా లేదు, కొన్నవాళ్ళు అద్దె కడుతూనే ఉన్నారు, అప్పుడే పన్ను వసూలు చేస్తే భారమవుతుంది. ముందుగా కొనేవాళ్ళు ఉంటేనే బిల్డర్లకు బ్యాంకుల నుంచి డబ్బు పుడుతుంది, భవనాలు లేస్తాయి. కాబట్టి అర్హత ఉన్నవాళ్ళు గడువు తీసుకోవడంలో తప్పేమీ లేదు. పెద్ద కోడలు కూడా తీసుకుంది, దానివల్ల లాభమూ పొందింది. తీసుకునే ముందు మాత్రం దాని చివరి తేదీని మన నోటితో మనం చెప్పగలగాలి. "ఇల్లు వచ్చినప్పుడు" అనేది తేదీ కాదు. "ఏది ముందైతే అది" అన్న షరతులో మనకు ఇష్టమైన దాన్ని కాక, ముందుగా వచ్చేదాన్ని పట్టుకోవాలి. కడుతున్న భవనం ఆలస్యం కావచ్చు, క్యాలెండర్ ఆలస్యం కాదు.

అయినవాళ్ళ సలహా ప్రేమతో వస్తుంది కాబట్టే దాన్ని తరచి చూడం. మెల్‌బోర్న్ అన్నయ్య చెప్పింది మెల్‌బోర్న్‌లో నిజం. ప్రవాసంలో ఉన్న మన వాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు ఇచ్చుకునే సలహాల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయి. ఏ రాష్ట్రం, ఏ సంవత్సరం, ఏ రకం కొనుగోలుదారు అని మూడు ప్రశ్నలు వేసి, ఆ తర్వాత ఆ ఊరి కన్వేయన్సర్ మాటే వినాలి.

మన దగ్గర ఈ కథ ఇంకో రూపంలో నడుస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కడుతున్న ఫ్లాటు కొన్నప్పుడు జీఎస్టీ వాయిదా వాయిదాకీ పోతుంది. సేల్ డీడ్ మీద స్టాంప్ డ్యూటీ మాత్రం రిజిస్ట్రేషన్ రోజు దాకా ఆగుతుంది. అంతవరకూ ఆ ఖర్చును ఎవరూ లెక్కలో వేసుకోరు. కానీ ఆ రోజు ఉన్న రేటే వర్తిస్తుంది. తెలంగాణలో 2021 జులైలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది, భూముల ప్రభుత్వ విలువలూ పెరిగాయి. అంతకుముందు ఫ్లాటు బుక్ చేసుకుని, పాత లెక్కతో డబ్బు సర్దుకుని, ఆ తర్వాత రిజిస్ట్రేషన్‌కు వెళ్ళినవాళ్ళకు ఆ లెక్క సరిపోలేదు. ఇక్కడ ఆగిన పన్ను ఆగినచోటే ఉండదు, పెరగనూ వచ్చు. కాబట్టి బుక్ చేసిన రోజే ఆ మొత్తాన్ని కొంత ఎక్కువే వేసి పక్కన పెట్టడం మేలు.

ఇల్లు కొనేది సంసారం స్థిరపడటానికి. ఇవ్వాల్సింది ఎంతో, ఏ తేదీకో ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే, ఆపద వచ్చిన రోజున ఎంత ఇవ్వగలమో నిర్భయంగా చెప్పగలం, ఇచ్చింది మనస్ఫూర్తిగా ఇవ్వగలం. ఆ లెక్క దాచకుండా చెప్పుకునే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అర్థం చేసుకుంటారు. గడువు దొరికినప్పుడు సంతోషంగా తీసుకోండి. కానీ ఆ సంతోషంలో మొదట చేయాల్సిన పని, డబ్బును కట్టాల్సిన వారి పేరున విడిగా పెట్టి, ఆ తేదీని ఇంటిల్లిపాదికీ చెప్పడం.